నాలుగో అంకె దగ్గర

నా కొడుకు భార్గవ్ హత్య జరిగిన నాలుగు నెలలకు, వాణ్ని మళ్లీ మొదటి దెబ్బ దగ్గర నుంచి లేపడానికి నేను ఒప్పుకొని సంతకం పెట్టాను. సంతకం కింద బంధుత్వం రాయమని గడి ఉంది. అందులో 'గణిత ఉపాధ్యాయుడు' అని రాసి, గీత పెట్టి, పక్కన 'తండ్రి' అని రాశాను.

హనుమకొండ బైపాస్ పక్కన ఉన్న ఆ ప్రయోగశాల బయటికి చిన్న ఆస్పత్రిలా కనిపిస్తుంది. పై అంతస్తులో ఎప్పుడూ చలిగా ఉండే గది ఒకటుంది. అందులో బీరువాలంత యంత్రాలు వరుసగా నిలబడి సన్నగా హోరుపెడుతుంటాయి. షాహీన్ అనే అమ్మాయి వాటిని చూసుకుంటుంది. ఇరవై ఆరేళ్లుంటాయేమో. ఎండాకాలంలో కూడా స్వెట్టర్ వేసుకొని, పక్కన ఫ్లాస్కులో చాయ్ పెట్టుకొని కూర్చుంటుంది.

"ఇగో, ఈ బీరువాలు అసలు మిషన్లు సార్," అని మొదటి రోజు మాకు చెప్పింది. "వీటి లోపట సాఫ్ట్‌వేర్‌తోని ఇంకో మిషన్ తయారు చేస్తం. చేతితోని ముట్టుకోరాదు, గానీ ఉంటది. బయటిదాన్ని హోస్ట్ అంటం. లోపలిది గెస్ట్."

"మావోడు ఆ లోపలి మిషన్ల ఉంటడా?" అంది నా భార్య రాజమణి.

షాహీన్ తల అడ్డంగా ఊపింది. "ఉండుడు కాదమ్మా. ఆ లోపలి మిషనే మీవోడు."

భార్గవ్‌కు తొమ్మిదో తరగతి నుంచి ఫిట్స్ వచ్చేవి. నాలుగేళ్ల కింద ఈ ప్రయోగశాలవాళ్లే వాడి పుర్రె లోపల గోరంత పరికరం అమర్చారు. మెదడులో తుఫాను మొదలైతే అది పసిగట్టి, ఆ క్షణం నుంచి మెదడు స్థితి మొత్తాన్ని రాసుకుంటుంది. వైద్యం కోసం పెట్టిన పరికరం. ఫిబ్రవరి పదిహేడు సాయంత్రం నాలుగూ ముప్పై ఏడుకు, గ్రానైట్ క్వారీ వెనక, ఇనుప రాడ్డు వాడి తలమీద పడగానే పరికరం దాన్ని కూడా తుఫానే అనుకుంది. నాలుగు నిమిషాలు రాసుకుంది. ఆ తర్వాత రాయడానికి ఏమీ మిగల్లేదు.

వాడు కరెంటు మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగంలో ఉండేవాడు. క్వారీ లారీ ఒకామెను గుద్ది, ఈడ్చుకుపోవడం చూశాడు. చూసింది చూసినట్టు స్టేషన్‌లో చెప్పాడు. కోర్టులో చెప్పాల్సిన రోజుకు ఇంకా వారం ఉందనగా ముగ్గురు ముసుగులు కట్టుకొని వచ్చారు. శవపరీక్ష కాగితంలో పన్నెండు దెబ్బలని రాశారు. పక్కటెముకలు ఐదు విరిగాయి. ఎడమ కన్ను లేదు. కుడి అరచేతిలో ఒక్క ఎముకా సరిగా మిగల్లేదు. అడ్డం పెట్టుకొని ఉంటాడని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అన్నాడు. నేను కూడా అట్లాగే అనుకున్నాను.

చూసినవాళ్లు లేరు. ఆ ముగ్గురెవరో చెప్పగలిగినవాడు వాడొక్కడే. కోర్టు అనుమతి ఇచ్చింది గానీ కొన్ని షరతులు పెట్టింది. ఆరుసార్లకు మించి లేపకూడదు. ప్రతిసారీ పరికరంలో ఉన్న అసలు రికార్డు నుంచే మొదలుపెట్టాలి. మాట్లాడగలిగితే పదకొండు నిమిషాలు. పాడైన ప్రతులతో సహా అన్నీ కేసు తేలేదాకా భద్రంగా ఉంచాలి.

"ఆ నాలుగు నిమిషాలు దాటినంక ఒక స్నాప్‌షాట్ తీసుకొని, మళ్లెప్పుడైనా ఆడికెల్లే మొదలుపెట్టరాదా అమ్మా?" అని షాహీన్‌ను అడిగాను. స్నాప్‌షాట్ అంటే లోపలి మిషన్ ఒక క్షణంలో ఎట్లా ఉందో అట్లా దాచిపెట్టుకునే ప్రతి అని అప్పటికి తెలుసుకున్నాను.

"మేం గదే అడిగినం సార్. క్వారీవోళ్ల వకీలు ఒప్పుకోలే. మధ్యల తీసినదాంట్ల మీరేం కలిపిన్రో ఎవరికెరుక అన్నడు."

"అయితే లేపినప్పుడల్లా వానికి ఆ దెబ్బలు..."

"తప్పదు సార్."

"నొప్పి తెలుస్తదా బిడ్డా?" అంది రాజమణి.

షాహీన్ ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చుంది. చాయ్ పోసుకోలేదు. "తెలుస్తదమ్మా," అంది చివరికి.

*

మొదటిసారి లేపినప్పుడు ప్రయోగశాల పెద్ద డాక్టర్ ప్రసూన కూడా మాతోనే ఉంది. తక్కువ మాట్లాడే మనిషి. తెరమీద గీతలతో గీసిన మనిషి ఆకారం ఉంది. ముందు తల వెనక ఎర్రటి మచ్చ వెలిగింది. తర్వాత రెండు మోకాళ్లు. పడ్డాడన్నమాట. తర్వాత కుడిచేయి. మళ్లీ కుడిచేయి. మళ్లీ మళ్లీ కుడిచేయి. ఆ తర్వాత వీపు, పక్కటెముకలు, ముఖం. చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడం వల్ల ప్రతి దెబ్బకూ మా గదిలో యంత్రాల హోరు ఒక్కటే వినిపించింది. రాజమణి కొంగు నోట్లో కుక్కుకుంది. నాలుగు నిమిషాలకు ఆకారం మొత్తం ఎర్రబడి, తర్వాత ఒక్కసారిగా తెల్లబడింది.

"ఇప్పుడు మేలుకొనే ఉన్నడు," అంది షాహీన్. "గానీ చీకట్ల ఉన్నడు. మన సప్పుడు కొంచెం పోతది లోపటికి. ఆయన సప్పుడు మనకు రాదు."

వాడి మాట బయటికి రావాలంటే లోపలి మిషన్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించాలి. గెస్ట్ టూల్స్ అంటారు. బయటి మిషన్ చెవినీ నోటినీ లోపలివాడికి జతచేసేది అదే. షాహీన్ ఎక్కించడం మొదలుపెట్టింది. ఎంత ఎక్కిందో చూపే పట్టీ తెరమీద కదల్లేదు. లోపలి మిషన్‌కు డిస్కు పెట్టే అర ఉన్నట్టే తెలియలేదట. ఆ రోజు మిషన్ ఆపేశారు.

రెండోసారి అర కనపడింది, లోపల చోటు సరిపోలేదు. మూడోసారి చోటు సరిపోయింది. పట్టీ సగం దాకా వచ్చి ఆగింది.

మూడుసార్లూ ఆ నాలుగు నిమిషాలు చూశాను. ఏ దెబ్బ తర్వాత ఏది పడుతుందో నాకు కంఠతా వచ్చేసింది. మూడోసారి ఒక దెబ్బ పడకముందే నా భుజం దానంతటదే ముడుచుకుంది.

"దొరికింది సార్," అని షాహీన్ నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేసింది. "గడియారం."

సంగతి ఇది. లోపలి మిషన్ గడియారం ఫిబ్రవరి పదిహేడు, నాలుగూ నలభై ఒకటి దగ్గరే ఉంది. సాఫ్ట్‌వేర్ మీద ఉన్న ముద్ర జూన్ నెలది. ఇంకా రాని రోజున వేసిన ముద్రను లోపలి మిషన్ నమ్మడం లేదు, తలుపు తీయడం లేదు. గడియారాన్ని బయటినుంచి తిప్పడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ గడియారం వాడి మెదడే. వాడే మన క్షణాలతో తన క్షణాలను కలుపుకోవాలి.

"బాగా అలవాటైన గొంతు ఒకటి, సమంగా, సెకనుకొక్కటి చొప్పున పది దాకా లెక్కపెడితే చాలు," అంది డాక్టర్ ప్రసూన. "మెదడు దాని వెంట నడుస్తుంది. మీరు లెక్కల మాస్టారు. ఇంతకన్నా మంచి గొంతు మాకెక్కడ దొరుకుతుంది?"

నాకు గర్వంగా అనిపించిన మాట దాచను.

*

ముప్పై ఒక్క సంవత్సరాలు రాఘవపల్లె ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పాను. నా దగ్గర చదివినవాడు లెక్కల్లో తప్పడని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. ఆ పేరు ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. చింత బరిగెతో వచ్చింది. కొట్టకూడదని ఆర్డర్లు వచ్చాక కూడా మా ఊళ్లో తల్లిదండ్రులే బరిగె కోసుకొని తెచ్చి నా టేబుల్ మీద పెట్టేవాళ్లు. "మంచిగ సరిచెయ్యున్రి సార్" అనేవాళ్లు. ఆకులు దూసిన పచ్చి బరిగె. అది వంగుతుందే గానీ విరగదు.

నా పద్ధతి ఒకటుండేది. దెబ్బలు నేను లెక్కపెట్టను, తరగతి లెక్కపెడుతుంది. పిలిచినవాడు వచ్చి కుడిచేయి చాపాలి. అందరూ లేచి నిలబడి గొంతు కలిపి "ఒకటి", "రెండు" అనాలి. చేయి వెనక్కి తీసుకుంటే మళ్లీ ఒకటి నుంచి. అట్లా అయితే అంకెలూ భయమూ రెండూ ఒంటపడతాయని నా నమ్మకం. ఒక పిల్లవాడు మాత్రం ఎప్పుడూ ఏడు తర్వాత తొమ్మిదికి దూకేవాడు. ఎనిమిది పలికేదాకా వాణ్ని కొట్టాను ఒకరోజు. అరచేయి చిట్లి రక్తం బల్లమీద పడింది. ఎనిమిది పలకలేదు.

భార్గవ్ ఆరో తరగతిలో నా క్లాసుకు వచ్చినప్పటి నుంచి నన్ను సార్ అనే పిలిచాడు. ఇంట్లో కూడా. అన్నం దగ్గర కూడా. అందరికీ ఐదు దెబ్బలైతే వాడికి పది. సార్ కొడుకని చూసీచూడనట్టు వదిలేశారన్న మాట రాకూడదని.

*

నాలుగోసారి మైకు ముందు కూర్చున్నాను. నాలుగు నిమిషాలు గడిచాయి. ఆకారం తెల్లబడింది. షాహీన్ తల ఊపింది.

"ఒకటి," అన్నాను. "రెండు. మూడు. నాలుగు."

తెరమీద గీతలన్నీ ఒక్కసారి లేచి ఒకదాన్నొకటి కోసుకున్నాయి. పట్టీ సగం దగ్గరే ఆగిపోయింది. మిషన్ తనకుతాను పడిపోయింది.

గొంతు గట్టిగా వచ్చిందేమో అన్నారు. ఐదోసారి మెల్లగా అన్నాను. ఎంత మెల్లగా అంటే, పసివాణ్ని నిద్రపుచ్చేటప్పుడు కూడా నేను అంత మెల్లగా మాట్లాడి ఉండను. ఒకటి. రెండు. మూడు. నాలుగు అనగానే మళ్లీ అదే.

షాహీన్ ఈసారి వెంటనే లేవలేదు. రెండు రోజుల రికార్డులూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూసింది. రాజమణి గోడకానుకొని నిలబడి ఉంది. డాక్టర్ ప్రసూన ఫోన్ మాట్లాడటానికి బయటికి పోయింది.

"సార్, ఒక మాట అడగాలె," అంది షాహీన్. "ఇగో ఇది సూడున్రి. మీరు ఒకటి అనంగనే కుడిచేయి నరాలు లేసినయి. రెండుసార్లు గట్లనే. మోచేయి సాగింది, వేళ్లు తెరుసుకున్నయి. మీవోడు చేయి చాపుతున్నడు. ఏమన్నా ఇస్తరనుకుంటున్నడా?"

నేను తెరమీంచి చూపు తిప్పుకున్నాను.

"ఇంకోటి. నాలుగు దగ్గర వచ్చింది దెబ్బ కాదు. అది ఫిట్స్ తుఫాను. ఆయన పాత రికార్డులల్ల ఎట్లుంటదో అచ్చం గట్లనే ఉన్నది. నాలుగు దగ్గర ఏమున్నది సార్?"

నా వేళ్లు కుర్చీ చేతిని పట్టుకొని ఉన్నాయి. ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదో తరగతి, రెండో పీరియడు. త్రికోణం వైశాల్యం తప్పు వేశాడు. పది దెబ్బలన్నాను. తరగతి లేచి నిలబడింది. నాలుగో దెబ్బకు వాడి కళ్లు పైకి పోయాయి. చేయి చాపినట్టే ఉంది, మనిషి వెనక్కి విరుచుకుపడ్డాడు. తల బెంచీ అంచుకు తగిలింది. నోట్లో నురుగు. వాడు నేలమీద కొట్టుకుంటుంటే, వెనక బెంచీలో ఎవడో భయంతో "ఐదు" అన్నాడు.

ప్రార్థన వరసలో ఎండకు పడిపోయాడని ఇంట్లో చెప్పాను. డాక్టర్లకూ అదే చెప్పాను. ఫిట్స్ ఎట్లాగూ వచ్చేవేననీ, దానికీ పడటానికీ సంబంధం ఉండకపోవచ్చనీ వాళ్లన్నారు. ఆ మాట పట్టుకొని పదేళ్లు బతికాను.

అదంతా ఆ చల్లటి గదిలో చెప్పాను. అడ్డదిడ్డంగా చెప్పాను. రాజమణి గోడ దగ్గర నుంచి నడిచి వచ్చింది.

"ఎన్ని?" అంది.

"పది అన్న. నాలుగుకే పడిపోయిండు."

ఆమె చేయి నా చెంపమీద పడింది. కళ్లజోడు ఎగిరి బీరువా కింద పడింది. రెండో దెబ్బ చెవిమీద. మూడోది నోటిమీద, పెదవి పన్నుకు తగిలి పగిలింది, ఉప్పగా నోట్లోకి వచ్చింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె నామీద గొంతు కూడా లేపలేదు. నాలుగో దెబ్బకు చేయెత్తింది. ఎత్తిన చేయి అట్లాగే కాసేపు గాలిలో ఉంది. తర్వాత దించేసింది.

షాహీన్ తెరవైపు తిరిగి కూర్చొని ఉంది. "ఇంకొక్కసారే ఉన్నది అమ్మా," అంది, తిరగకుండానే.

*

ఇంటికి వెళ్లాక మేమిద్దరం మూడు రోజులు మాట్లాడుకోలేదు. అన్నం వండి పెట్టింది. తిన్నాను. పెదవి వాపు తగ్గలేదు. బడికి వెళ్లాను. ఏడో తరగతిలో ఒక పిల్లవాడు హోంవర్కు చేయలేదు. నేనేమీ అనకముందే టేబుల్ దగ్గరికి వచ్చి కుడిచేయి చాపాడు. చిన్న చేయి. వేళ్లకు సిరా. తరగతి లేచి నిలబడింది. నా చేతిలో బరిగె లేదు, అయినా నిలబడింది. కూర్చోమన్నాను. ఎవరూ కూర్చోలేదు. నేను బయటికి వచ్చి బోరింగు దగ్గర ముఖం కడుక్కొని, బెల్లు కొట్టేదాకా అక్కడే ఉన్నాను.

మా ముందరి గదిలో గుంట మగ్గం ఉంది. రాజమణి పదహారేళ్ల వయసు నుంచి దానిమీదే నేస్తోంది. భార్గవ్ పోయినప్పటి నుంచి దానిమీద బట్ట సగం దగ్గర ఆగి, దుమ్ము పట్టింది. నాలుగో రోజు పొద్దున నేను బడికి తయారవుతుంటే మగ్గం చప్పుడు వినపడింది. నాడె పోగును లాక్కొని ఇటు నుంచి అటు పోవడం, దాన్ని బిగించే పలక వచ్చి ధనమని కొట్టడం. ధన్. ధన్. ఆ చప్పుడు వింటూనే భార్గవ్ పసితనంలో పక్కన తొట్టెలో నిద్రపోయేవాడు. పెద్దయ్యాక కూడా, ఫిట్స్ వచ్చి తగ్గిన రోజు, మంచం తెచ్చుకొని మగ్గం పక్కనే వేసుకునేవాడు. నా గదిలోకి ఎప్పుడూ రాలేదు.

నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఆ పిల్లకు ఫోన్ చెయ్యి," అంది రాజమణి, పోగుల మీంచి కళ్లు తీయకుండా. "లెక్క అక్కర్లేదని చెప్పు. దీని సప్పుడు పంపుత అని చెప్పు."

షాహీన్ ఆ చప్పుడును ఫోనులో విని కొలిచింది. "సెకనుకు కొంచెం ఎక్కువ పడుతున్నది సార్. ఎంత పడితే ఏంది, సమానం ఉంటే చాలు. బయటి మిషన్‌ను దీనికి సరిచేస్త," అంది. ఫోన్ పెట్టేసేముందు, "అమ్మది మిషన్ కంటె మంచిగున్నది," అంది.

*

ఆరోసారి. నేను గది మూలలో నిలబడ్డాను. మైకు దగ్గర రాజమణి కూర్చుంది. పక్కన కోర్టు పంపిన గుమస్తా, డాక్టర్ ప్రసూన ఉన్నారు.

తల వెనక మచ్చ. మోకాళ్లు. కుడిచేయి. ఈసారి నేను కళ్లు మూసుకోలేదు. కుడిచేతి మీద వరుసగా పడుతున్న దెబ్బలను చూశాను. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఎడం సమంగా ఉందని అప్పుడే గమనించాను. అడ్డం పెట్టుకున్న చేతిమీద దెబ్బలు అట్లా పడవు. ముప్పై ఒక్కేళ్లు కొట్టినవాడికి తెలుస్తుంది.

ఆకారం తెల్లబడింది. షాహీన్ మీట నొక్కింది. మగ్గం చప్పుడు చలి గదిలో మొదలైంది. ధన్. ధన్. పట్టీ సగం దాటింది. గీతలు ఆ చప్పుడు వెంట మెల్లగా లేస్తూ, దిగుతూ నడిచాయి. కుడిచేయి నరాలు ఒక్కసారి కూడా కదల్లేదు. పట్టీ నిండింది.

స్పీకరులోంచి గొంతు వచ్చింది. వాడి గొంతే, ఎత్తుపల్లాలు లేకుండా.

"అమ్మా. చీకటిగున్నది."

"నేనున్న బిడ్డా," అంది రాజమణి. ఆమె గొంతు వణకలేదు. ఎట్లా వణకలేదో నాకు తెలియదు.

"మగ్గం ఆపకు."

"ఆపను."

"అమ్మా, సార్ ఉన్నడా ఆడ?"

రాజమణి నావైపు చూసింది. షాహీన్ కూడా చూసింది. లోపల ఉన్నది నా కొడుకు. నాలుగు నెలలుగా ఆ గొంతు కోసమే తిరిగాను. నేను తల అడ్డంగా ఊపాను.

"లేడు బిడ్డా. బడికి పోయిండు."

"మంచిదైంది."

రాజమణి మైకుకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"నిన్నెవరు కొట్టిన్రు నాయనా? చెప్పు. నీకేం భయం లేదు."

"ముగ్గురు. మూతులకు తువాలలు కట్టుకున్నరు. ఎనకకెల్లి రాడ్డుతోని తలమీద కొట్టిన్రు. మోకాళ్ల మీద పడ్డ. ఒకడు ముందటికొచ్చి, 'సార్ కొడుకువి గదా, నిజమే చెప్తవట గదా, చాపు చెయ్యి' అన్నడు. చాపిన."

"ఎందుకు చాపినవ్ రా?"

"అలవాటమ్మా."

రాజమణి రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

"అందరు కలిసి లెక్కపెట్టిన్రు, బడిల లెక్క. ఒకటి, రెండు అనుకుంట. చేయి విరిగింది తెలుస్తనే ఉన్నది. తీసుకుంటే మళ్ల ఒకటికెల్లి కొడ్తరని తీసుకోలే. ఏడు కాంగనే కొట్టెటోడు తొమ్మిది అన్నడు. మిగిలినోళ్లు నవ్విన్రు. 'నీకింకా ఎనిమిది రాలేదా బే' అన్నరు. గప్పుడు ఎరుకైంది. వాడు తిరుపతి. నవ్వినోళ్లు మధూకర్, సదానందం. మా పదో తరగతోళ్లే అమ్మా. నేను పేరు పెట్టి పిలిచిన. పిలిచినంక మొఖం మీద కొట్టిన్రు."

గుమస్తా ఆగకుండా రాసుకుంటున్నాడు. గోడమీది గడియారంలో పదకొండు నిమిషాలకు ఇంకా రెండు మిగిలాయి.

"అమ్మా."

"ఆఁ."

"సార్‌కు చెప్పకు. మళ్ల వాళ్లను కొడ్తడు."

నేను మూలనున్న గోడకు ముఖం ఆనించుకున్నాను. నోటికి చేయి అడ్డం పెట్టుకొని, పళ్లతో ఆ చేతినే కొరికాను, చప్పుడు రాకుండా.

మిగిలిన రెండు నిమిషాలూ వాళ్లిద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. మగ్గం నడిచింది. షాహీన్ దాన్ని ఆపలేదు. ముందు వాణ్ని ఆపింది, తర్వాత చప్పుడు తగ్గించింది.

*

కోర్టులో అవతలి వకీలు పెద్దమనిషి. గట్టిగా మాట్లాడడు.

"మాస్టారూ, మిషన్ చెప్పిన మాట అట్లా ఉంచుదాం. ఎనిమిది మరిచిపోయేవాళ్లు ఊరికొకరుంటారు. వాడు తిరుపతే అని మీరు ఎట్లా చెప్పగలరు?"

నేను సాక్షి బోనెక్కినప్పుడే ఒక సంగతి జరిగింది. వెనక బల్లమీద పోలీసుల మధ్య కూర్చున్న ముగ్గురూ నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఎవరూ లేవమనలేదు. కానిస్టేబుల్ కసిరి కూర్చోబెట్టాడు.

"వాడు ఎనిమిది పలికేదాకా కొడ్తనని కొట్టినవాణ్ని నేనే," అన్నాను. "వాడి కుడి అరచేతిలో బొటనవేలి కింద అడ్డంగా ఒక మచ్చ ఉంటుంది. చూడండి."

జడ్జి చూపించమన్నాడు. తిరుపతి లేచి, మా బడిలో చాపినట్టే, మోచేయి వంచకుండా కుడిచేయి చాపాడు. మచ్చ ఉంది.

"దెబ్బలు అట్లా అందరూ కలిసి లెక్కపెట్టడం వీళ్లకెవరు నేర్పారు?" అన్నాడు వకీలు. కేసు తనవైపు తిప్పుకోవడానికి అడిగాడు. అది నాకు తెలుసు.

"నేను," అన్నాను. "అది కూడా రాసుకోండి."

ముగ్గురికీ యావజ్జీవం పడింది. క్వారీ యజమాని మీద ఇంకో కేసు నడుస్తోంది. నేను రాజీనామా ఇచ్చాను. తీసుకునేటప్పుడు హెడ్మాస్టరు, "మీలాంటోళ్లు పోతే పిల్లలకు లెక్కలెట్ల వస్తయి సత్తయ్య సార్," అన్నాడు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు.

*

తీర్పు వచ్చాక షాహీన్ మమ్మల్ని పిలిపించింది. దాచిన ప్రతులన్నీ ఇక చెరిపేయాలి. బంధువుల్లో ఎవరో ఒకరు తమ చేత్తో చేయాలని నియమం. రాజమణి రానంది. మగ్గం మీద కొత్త పడుగు కట్టింది, వారంలోగా బట్ట దించాలి.

చలి గది అట్లాగే ఉంది. తెరమీద ఒకదాని కింద ఒకటిగా భార్గవ్ పేరు ఉంది. ప్రతి పేరు పక్కనా అదే తేదీ, అదే నాలుగూ ముప్పై ఏడు. ప్రతి పేరులోనూ ఆ నాలుగు నిమిషాలు, మోకాళ్ల మీద వాడు, చాపిన చేయి.

"పేరు మీద నొక్కి, ఈ ఎర్ర గుర్తు నొక్కాలె సార్," అంది షాహీన్. "మళ్ల అడుగుతది నిజమేనా అని. అవును అనాలె."

నొక్కాను. నిజమేనా అని అడిగింది. అవునన్నాను. పేరు పోయింది. కింది పేరు పైకి జరిగింది. మళ్లీ నొక్కాను. తొందరపడలేదు. ఒక్కో పేరు పోయాక, అది ఉన్న చోటును కాసేపు చూసి, తర్వాతి దానిమీద వేలు పెట్టాను. చివరి పేరు పోయాక తెర ఖాళీగా మిగిలింది. బీరువాల్లో ఒకటి హోరు తగ్గించుకుంది.

షాహీన్ రిజిస్టరు తెరిచింది. నింపాల్సిన గడులున్నాయి.

"మొత్తం ఎన్ని చెరిపిన్రు సార్?"

"నేను లెక్కపెట్టలేదమ్మా," అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. తర్వాత తనే పాత కాగితాలు తిరగేసి, అంకె రాసుకుంది. అది ఎంతో నాకు చెప్పలేదు.